నత్తమ్మ కంప్యూటర్

భవనాల ప్లాన్లు గీసే ఆ ఆఫీసులో ఆమె గీసిందంటే తిరిగి చూడక్కర్లేదని పేరు. ఆ పేరు ఒక్క ఏడాదిలో మట్టికొట్టుకుపోయింది. పెద్ద భవనం బొమ్మను తెర మీద తిప్పబోతే కంప్యూటర్ మొరాయించేది. ఒక గోడ జరిపి, అది జరిగేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సి వచ్చేది. పనులు ఆలస్యమయ్యాయి. చాటుగా అందరూ ఆమెను ‘నత్తమ్మ’ అనసాగారు.

ఆఫీసు కంప్యూటర్లు చూసుకునేది ఆమె మరిదే. ఎన్నిసార్లు అడిగినా, “పాతబడింది వదినా, సర్దుకో” అనేవాడు.

చివరికి యజమాని ఆమెను ముందు గదిలో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె కుర్చీలోకి కొత్తాయన వచ్చాడు. వచ్చిన రోజే “ఈ డొక్కు మీద నావల్ల కాదు” అని రభస చేశాడు. మరిది పరుగున వచ్చి ఏదో నొక్కాడు. తెర మీద భవనం గిర్రున తిరిగింది.

“ఏం చేశారండీ?”

“కరెంటు పొదుపు సెట్టింగు తీసేశాను సార్. అది ఉంటే ప్రాసెసర్ సగం వేగం దాటదు.”

ముందు గదిలోంచి ఆమె అంతా విన్నది.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలో మరిదిని నిలదీసింది.

“నీకు ముందే తెలుసా?”

“నీ కంప్యూటర్ ఫ్యాను మోత పక్కగదిలోకి వస్తోందని పోయినేడు పెద్దసారే విసుక్కున్నారు వదినా. పొదుపులో పెడితే వేడెక్కదు, మోత ఉండదు. తీసేస్తే నామీద ఎగురుతారని...”

“నన్ను నత్తమ్మ అంటుంటే మాత్రం వింటూ ఊరుకున్నావు!”

“పోనీలేవే, ఉద్యోగం పోలేదుగా,” అన్నాడు భర్త, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు నేరుగా యజమాని గదిలోకే వెళ్ళింది.

“ఆ మోత ఇప్పుడు మీకు వినపడటం లేదా సార్?”

“అయిందేదో అయిపోయిందమ్మా. ఇప్పుడాయన్ని లేపి నిన్ను కూర్చోబెట్టమంటావా?”

“అవును సార్.”

ఆయన నవ్వేసి కాగితాల్లో తల దూర్చాడు.

ఇంకో ఆఫీసులో ఉద్యోగానికి ప్రయత్నించింది. అక్కడ గీసి చూపిస్తే మెచ్చుకున్నారు కూడా. కొన్నాళ్ళకు ముందు గదిలో ఫోను మోగింది. “మీ దగ్గర పనిచేసే ఒకావిడ గురించి కనుక్కుందామనండీ,” అంటూ అవతలి మనిషి ఆమె పేరే చెప్పాడు. “ఒక్క నిమిషమండీ,” అంది. లైను యజమానికి కలిపింది. తెరిచిన తలుపులోంచి ఆయన మాట స్పష్టంగా వినిపించింది.

“మంచి మనిషేనండీ. కాకపోతే చెయ్యి కాస్త నెమ్మది.”

రెండో ఫోను మోగుతోంది. ఆమె ఎత్తి, “నమస్కారమండీ, చెప్పండి,” అంది.