కోరుట్ల ధూంధాంలో ఎర్రబూట్ల మనిషి

పెళ్లి సంబంధం ఎలా చెడగొట్టుకోవాలో తెలియకపోతే నా దగ్గరికి రండి. నా సంబంధాన్ని నేనే, నా సొంత నోటితో, మైదానం నిండా జనం చూస్తుండగా మంటగలిపాను. అంత ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను, నవ్వుకోండి. నాకు అలవాటైపోయింది.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులు. నేను కోరుట్లలో కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే షాపులో పనిచేస్తూ, ఉద్యమ పాటల సభల్లో, అంటే ధూంధాంలలో, డప్పు కొట్టేవాణ్ణి. ఒకసారి రాస్తారోకోలో కూర్చుంటే పోలీసులు మా ఫొటోలు తీసుకున్నారు. ఇక చూడండి, నాకు అనుమానం జబ్బు పట్టుకుంది. ఐస్‌క్రీం బండివాడు గంట కాస్త ఎక్కువ కొట్టినా ఎవరికో సైగ చేస్తున్నాడనుకునేవాణ్ణి.

సరిగ్గా అప్పుడే బీర్పూర్ సంబంధం వచ్చింది. పిల్ల పేరు లావణ్య. మా వాడలో ఉన్న తన మేనత్త ఇంటికి వచ్చినప్పుడు, పాడైన మిక్సీ పట్టుకుని మా షాపుకు వచ్చింది. నేను చేసిన రిపేరు చూసి పెదవి విరిచింది. ఆ విరుపు చాలు నాకు. ఇంకో పిల్లను చూడనని అమ్మతో చెప్పేశాను.

"పిల్ల నాయిన అర్సుకోను అస్తడట కొడుకా. ఎప్పుడస్తడో చెప్పడు. జర పద్ధతిగుండు" అంది అమ్మ.

పిల్లనిచ్చేవాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చి, పిలగాడి గురించి నలుగురినీ అడిగి పోవడం మా దగ్గర మామూలే. తలూపాను. తలూపినంత తొందరగా మరిచిపోయాను.

ధూంధాం రోజు పొద్దు ఇంకా వాలలేదు. స్టేజీ వెనక మంట వేసుకుని డప్పు కాపుతున్నాను. ఒక పెద్దమనిషి వచ్చి నిలబడ్డాడు. పొట్టి క్రాపు. మెడలో ఉద్యమ కండువా లేదు. కాళ్లకు తళతళలాడే ఎర్రబూట్లు, అచ్చం పోలీసువాళ్లవి.

"తమ్మీ, గీడ గంగాధరని ఉంటడట, ఎరికేనా?"

గంగాధర్ అంటే నేనే. తలెత్తకుండా డప్పు కాపుతూనే అడిగాను.

"ఏ గంగాధర్ కాకా?"

"గదే, వైండింగ్ షాపుల పని చేస్తడట. ఎవలెవలతోని తిరుగుతడు? రాత్రిపూట ఇంట్లనే ఉంటడా?"

మీరే చెప్పండి, ఇవి పోలీసులు అడిగే ప్రశ్నలు కావూ? గంగాధర్ ఉద్యమానికి కూడా పనికిరాని మనిషని నమ్మిస్తే నా జోలికి రారని క్షణంలో లెక్క వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

"ఆడా? ఆడు దేనికీ అక్కరకు రాడు కాకా. పొద్దుగాల్నే తాగుతడు."

"తాగుతడా?"

"తాగి మోరీల పడ్తె మేమే లేపుకస్తం."

"డప్పు మంచిగ కొడ్తడన్నరు?"

"పట్టుకొని నిలవడ్తడంతే. కొట్టేది వేరేటోళ్లు."

"పనన్న మంచిగ చేస్తడా మరి?"

"ఆడు చేసిన మోటర్ నీళ్లు పొయ్యది కాకా, పొగ పోస్తది."

ఆయన ముఖం వాడిపోయింది. పోలీసు ముఖం ఎందుకు వాడుతుందన్న అనుమానం, అన్నిటినీ అనుమానించే నాకు రానేలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. సిరిసిల్ల నుంచి వచ్చిన గాయకుడు పర్శరాములన్న చెవిలో ఊదాను.

"అన్నా, మఫ్టీ పోలీసు దిగిండు. ఎర్రబూట్లాయన."

పర్శరాములన్నది మరమగ్గాల చప్పుడును మించి మాట్లాడి మాట్లాడి పెంచుకున్న గొంతు. మొదటి పాట ఎత్తుకోగానే మైదానమంతా కాళ్లు కదిపింది. నా డప్పు ఎన్నడూ అంత బాగా పలకలేదు, ఒళ్లు పులకరించింది. ఎర్రబూట్లు కూడా తాళం వేస్తుంటే చూసి, ఎంత నటన అనుకున్నాను.

పాట అయిపోగానే పర్శరాములన్న మైకు అందుకున్నాడు. "మన నడుమ ఒక పెద్దసారున్నడు. ఎర్రబూట్ల సారూ, జర మీదికి రా. జై తెలంగాణ అని పో."

జనం ఆయన్ని చేతుల మీద మోసినంత పనిచేసి స్టేజీ ఎక్కించారు. పాపం, మైకును చూసి వెనక్కి జరిగాడు.

"నేను సార్‌ను గాదు. బీర్పూర్ల ఎవుసం చేసుకుంట."

బీర్పూర్ అన్న మాట వినగానే నా చేతిలోంచి డప్పు పుల్లలు జారిపోయాయి.

"మరి గీ క్రాపేంది?" అన్నాడు పర్శరాములన్న.

"కొండగట్టు అంజన్నకు తలనీలాలిచ్చిన."

"బూట్లు?"

"మా బామ్మర్ది దుబాయి నుంచి తెచ్చిండు."

"మరి గీడికెందుకచ్చినవ్ కాకా?"

"మా బిడ్డకు పిలగాన్ని అర్సుకుందామని. గంగాధరట. ఒట్టి తాగుబోతని ఇప్పుడే తెలిసింది. ఇగ పోత."

నోరెత్తొద్దని పర్శరాములన్నకు చేతులు జోడించాను. కాపాడమంటున్నాననుకున్నాడాయన.

"ఎవలు చెప్పిన్రు కాకా? మా గంగాధర్ బంగారమసొంటోడు. గదిగో, గా డప్పు కాడున్నోడే."

ఎర్రబూట్లాయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత మైకులోనే మెల్లగా అన్నాడు.

"నాకు చెప్పింది గీ పిలగాడే."

మైదానం నవ్విన నవ్వు జగిత్యాల దాకా వినబడి ఉంటుంది. ఆనాటి పాటలు మరిచినవాళ్లున్నారు గానీ, నన్ను మరిచినవాళ్లు కోరుట్లలో లేరు.

అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. నేను తిండి మానేశాను. ఎవరూ చూడకుండా ఏడ్చాను కూడా, అది మాత్రం హాస్యం కాదు. అలాంటప్పుడు బీర్పూర్ నుంచి కబురొచ్చింది, సంబంధం ఖాయమని. ఇందులో ఏదో మతలబు ఉందని మళ్లీ అనుమానం. పెళ్లయ్యాక లావణ్యనే అడిగాను.

"మా నాయిన అద్దనే అన్నడు" అంది. "నేనే ఒప్పిచ్చిన. పెండ్లికి ముందు అందరు మంచిగనే చెప్పుకుంటరు, చెడ్డదంత తర్వాత బయటపడ్తది. నువ్వయితే ముందుగాల్నే అన్ని చెప్పినవ్. ఇగ కొత్తగ బయటపడేటిదేముంటది?"

అందుకే కొండగట్టు అంజన్న సాక్షిగా, డప్పు మీద చెయ్యివేసి ప్రమాణం చేస్తున్నాను. గంగాధర్ ఎలాంటివాడని ఎవరు అడిగినా, నిజం పోలీసులే వచ్చి అడిగినా, ఇక నేను నోరు విప్పను. లావణ్యను అడగమంటాను. ఆ రోజు నేను చెప్పింది చాలా తక్కువని ఆమె అంటుంది.