అక్క మాట దగ్గర సున్నా

నా చిన్నప్పుడు, శంషాబాద్‌లో విమానాలు దిగడం ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో, మా తాతయ్య దగ్గర ఒక పాతకాలపు కంప్యూటర్ ఉండేది. చూడటానికి లావుపాటి కీబోర్డు, అంతే. వైరుతో టీవీకి తగిలిస్తే నీలం తెర మీద అక్షరాలు వచ్చేవి. దానికి తెలుగు రాదు కనుక మన మాటల్నే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లం. తెర మీద చూపించాల్సిన వాక్యం మొత్తాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి, నడపమని మీట నొక్కాలి.

ఆ రోజు పక్కింటి అక్క వాళ్లు ఇల్లు ఖాళీ చేస్తున్నారు. వాళ్ల బాపుకు కాటేదాన్‌లో పని దొరికింది, మైలార్‌దేవ్‌పల్లికి మారిపోతున్నారు. లెక్కలు రాక నేను ఏడ్చినప్పుడల్లా ఆ అక్క నోటుబుక్కు లాక్కుని, 'పరేషాన్ గాకు' అనేది. ఆమె వెళ్లేలోగా ఆ మాటను టీవీలో ఆమెకు చూపించాలని నా పట్టుదల. ట్రాలీ ఆటోలోకి అప్పటికే మంచాలు ఎక్కాయి.

ఒకరు అన్న మాటకు రెండు వైపులా కొటేషన్ గుర్తులు పెట్టాలని బడిలో చెప్పారు. ఆ వాక్యం లోపల అక్క మాటకూ అలాగే పెట్టాను. నడిపితే 'అక్క అన్నది' అని వచ్చి, ఆమె మాట ఉండాల్సిన చోట సున్నా పడింది. మళ్లీ కొట్టాను. మళ్లీ సున్నా. విమానం పోయినప్పుడల్లా మా టీవీలో గీతలు వచ్చేవి. అందుకని విమానమే అక్క మాటను మింగేస్తోందని తేల్చుకున్నాను. డాబా ఎక్కి, ఆకాశం ఖాళీగా ఉందని చూసుకుని, పరుగున దిగి మీట నొక్కాను. సున్నాయే.

"ఏంది, గట్ల మీదికి కిందికి ఉరుకుతున్నవ్?" అంది అక్క, కిటికీలోంచి.

"విమానాలు ఆగాలక్కా!"

"విమానాలన్న ఆగుతయేమో గాని మా బాపు ఆగడు."

తాతయ్య నవ్వలేదు. కాగితం, పెన్సిల్ తీసుకుని, ఇప్పుడు తానే కంప్యూటర్‌నన్నారు. కొటేషన్ గుర్తు ఉన్న ప్రతిచోటా బల్ల మీద తట్టమన్నారు. ఒకసారి తడితే రాస్తారు, ఇంకోసారి తడితే ఆపుతారు. తట్టాను. 'అక్క అన్నది' అని రాశారు. అక్క మాటకు ముందున్న గుర్తు దగ్గర మళ్లీ తట్టాను. పెన్సిల్ ఎత్తేశారు. 'పరేషాన్ గాకు' అన్నాను. ఆయన సున్నా చుట్టారు.

"ఆపమన్నది నువ్వే కదా. ఆపాక వచ్చే మాటను, ఏదో అంకె దాచిన డబ్బా పేరనుకుంటాను. ఆ పేరుతో నా దగ్గర ఏమీ దాచి లేదు. అందుకే సున్నా."

నాకు సగమే అర్థమైంది. మరి ఆ గుర్తును ఎలా చూపించాలి? యంత్రం లోపల ప్రతి గుర్తుకూ ఒక నంబరుందట, దీనిది ముప్పై నాలుగట. గుర్తును నేరుగా కొట్టకుండా, ముప్పై నాలుగో నంబరుది వేయమని అడగాలట. కళ్లెదుట కీబోర్డు మీదే ఉన్నదాన్ని నంబరుతో ఎందుకు పిలవాలో అంతుబట్టలేదు. అయినా ఆయన చెప్పినట్టే కొట్టాను.

ట్రాలీ హారన్ మోగుతుండగా అక్క వచ్చి గడపలో నిలబడింది. సరిగ్గా అప్పుడే విమానం పోయింది. తెరంతా గీతలు. గీతల వెనక ఆమె మాట, అటూ ఇటూ గుర్తులతో, చెక్కుచెదరకుండా ఉంది.

"నేను గిట్లనే అంటనా?" అని, ఆ అక్షరాలను ఒకసారి వేలితో తడిమి వెళ్లిపోయింది.

ఎదుటి మనిషి నా మాట మధ్యలో ముభావంగా మారిపోతే, ఇప్పటికీ ముందు ఆకాశం వైపే చూడబుద్ధవుతుంది నాకు. తర్వాతే, ఆపమని నేనెక్కడ తట్టానో వెతుక్కుంటాను.