గోళ్ళరంగు మచ్చ ఉన్న సీసాలు

ఆ బడిలో ప్లాస్టిక్ ఏరే పని జరుగుతోందని నాకు ఎవరూ ఫోన్ చెయ్యలేదు. నా అనుమానం అక్కడే మొదలైంది.

మా ఏజెన్సీ కొండల్లో ఏ బడిలో ఏ కార్యక్రమం మొదలైనా ముందు విలేకరినైన నాకు ఫోన్ వస్తుంది. ఫ్లెక్సీ కడతారు, రిబ్బన్ కత్తిరిస్తారు, పిల్లల్ని ఎండలో నిలబెట్టి తడి చెత్త, పొడి చెత్త అంటూ ప్రతిజ్ఞ చేయిస్తారు. నీలం డబ్బా, ఆకుపచ్చ డబ్బా పక్కన పెట్టుకుని పెద్దలు ఫొటో దిగుతారు. విశాఖలో పెద్ద పెద్ద బళ్ళలో ఇది బాగా నడిచిందని చెబుతారు. అక్కడైనా నడిచిందో లేదో నేను చూడలేదు. ఇక్కడి సంగతి మాత్రం తెలుసు. ప్రారంభోత్సవం వార్త రాసిన ఏడాదికి మళ్ళీ వెళ్ళి చూడటం నా అలవాటు. ఒక బడిలో ఆకుపచ్చ డబ్బా వంటగదిలో కనిపించింది, నిండా కందిపప్పు. మూత గట్టిదని, ఎలుకల బెడద తప్పిందని వంటామె మెచ్చుకుంది. ఇంకో బడిలో డబ్బాలు అట్టపెట్టెల్లోంచి బయటికే రాలేదు. బయట పెడితే పాడైపోతాయట.

ఈ బడి అరకు నుంచి ముంచింగిపుట్టు వెళ్ళే దారిలో ఉంటుంది. ఆడపిల్లల ఆశ్రమ పాఠశాల, బడీ హాస్టలూ ఒకే ఆవరణలో. ఒకరోజు జీపులో పోతూ చూస్తే కొళాయి దగ్గర పిల్లలు వరసగా కూర్చుని ఖాళీ నీళ్ళ సీసాలు కడుగుతున్నారు. దిగి లోపలికి వెళ్ళాను.

సైన్సు టీచరు వచ్చింది. కాంట్రాక్టు ఉద్యోగం, ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు. ముంచింగిపుట్టు అవతల కొండ మీది ఊరు ఆమెది. వెనక రేకుల షెడ్డు చూపించింది. రంగు డబ్బాలు లేవు. ఖాళీ బియ్యం బస్తాలే. ఒకదాంట్లో చిప్సు, బిస్కెట్ల కవర్లు, ఒకదాంట్లో పాలిథిన్ సంచులు, ఒకదాంట్లో సీసాలు. టూరిస్టులు పారేసినవి సెలవురోజున పిల్లలు ఏరతారని, ఇంటికెళ్ళినప్పుడు ఊళ్ళోవీ తెస్తారని చెప్పింది. బస్తాలు నిండాక ఘాట్ రోడ్డు దిగే జీపులో శృంగవరపుకోట పాతసామాన్ల కొట్టుకి పోతాయి. ఏ తరగతి ఎక్కువ ఏరిందో తెలియడానికి పిల్లలు సీసా అడుగున గోళ్ళరంగుతో చుక్క పెడతారు. ఆరో తరగతిది ఎరుపు, ఏడోది గులాబీ, అలా.

ఎన్నాళ్ళయిందని అడిగాను. రెండేళ్ళంది. అంతకాలం ఇలాంటిది ఆగకుండా నడవడం నేనెక్కడా చూడలేదు. వార్త రాస్తానంటే ఆమె మొహం మారింది. వద్దు సార్, మా పని మేం చేసుకుంటాం అంది. పేపర్లో పేరు వద్దనే మనిషిని ఊరికే వదలకూడదని మా వృత్తిలో మొదటే నేర్పుతారు.

తర్వాత మూడుసార్లు ఆ దారిలో ఆగాను. ప్రతిసారీ కవర్ల బస్తాలు బిగిసిపోయి ఉన్నాయి, సీసాల బస్తా వదులుగా వేలాడుతోంది. కొళాయి దగ్గర కడిగిన సీసాల్లో సగం కూడా అందులో లేవు. జీపు డ్రైవర్ని కదిపితే, సీసాలు బొత్తిగా ఉండవని, అన్నీ కవర్లేనని చెప్పాడు. మరి సీసాలు ఏమవుతున్నాయి?

జవాబు సంతలో దొరికింది, లేదా దొరికిందని అనుకున్నాను. సంత చివర, చింతపండు రాశుల వెనక, ఒక ముసలామె తువ్వాలు కప్పిన బుట్ట పెట్టుకుని కూర్చుంటుంది. బుట్టలో ఏముంటుందో ఊరందరికీ తెలుసు. నేను ఒక సీసా తీసి తిరగేశాను. అడుగున గులాబీ చుక్క. మూత తీస్తే సారా వాసన గుప్పుమంది.

"సీసా కొంటావా, సరుకు కొంటావా?" అంది ముసలామె. "అడుగున సూసీవోడిని నిన్నే సూసినాను. అందరూ మూత కాడే సూత్తారు."

పక్కన బీడీ కాల్చుకుంటున్న వాళ్ళు నవ్వారు. నేను సీసా పెట్టేసి వచ్చేశాను. శీర్షిక అప్పటికే తయారైపోయింది. బడి సీసాల్లో సారా. జిల్లా పేజీలో పైన, బాక్సులో.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. ఎవరి మీదైనా వార్త రాస్తే చివర్లో వాళ్ళ పై అధికారి మాట వెయ్యాలి. ‘దీనిపై ప్రధానోపాధ్యాయురాలిని వివరణ కోరగా’ అని మొదలయ్యే నాలుగు లైన్లు. అవి లేకపోతే పేపరాఫీసులో డెస్కు వార్తని పక్కన పెడుతుంది. అందుకని సంగతి పూర్తిగా తేల్చుకోకముందే వివరణ అడిగేయడం మాలో చాలామందికి అలవాటు. నాకూ అదే.

హెడ్మిస్ట్రెస్‌ది విజయనగరం వైపు. బదిలీ మీద కిందికి వెళ్ళిపోవాలని ఎదురుచూస్తున్న మనిషి. నేను సీసా సంగతి చెప్పి మీ వివరణ ఏమిటని అడిగేసరికి ఆమెకి వార్త అప్పుడే అచ్చయిపోయినట్టు అనిపించింది. వాచ్‌మన్ని పిలిచి షెడ్డుకి తాళం వేయించింది, నా ఎదురుగానే. తర్వాత బల్ల మీదున్న ఫైలు నావైపు తిప్పింది. సైన్సు టీచరు కాంట్రాక్టు రెన్యూవల్ కాగితాలు. ఆ నెలాఖరుకి తన అభిప్రాయం రాసి పైకి పంపాలి.

"ఇప్పుడిది నేనెలా పంపుతానండీ?" అంది. "రేపు నన్నడుగుతారు."

షెడ్డు మూతపడింది, టీచరు ఉద్యోగం ఆ ఫైల్లో ఆగింది. నేనింకా ఒక్క అక్షరం కూడా రాయలేదు. కానీ బయటికొస్తూ పని జరిగిందనే తృప్తి కలిగింది. ఇప్పుడు చెప్పుకోవడానికి బాగోలేదు.

వార్తకి ఫొటో కావాలి. సీసాలు గేటు దాటుతుండగా తీస్తే తిరుగుండదు. షెడ్డుకి తాళం పడినా దొంగ దారి ఏదో ఉండే ఉంటుందని, తర్వాతి సంత రోజున బడి గేటు ఎదుట టీ బడ్డీలో కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక సంత నుంచి తల్లులు రావడం మొదలైంది. సంత రోజే వాళ్ళకి కూతుళ్ళని చూసుకునే రోజు. ఉడకబెట్టిన చిలగడదుంపలు, అరటిపళ్ళు, ఆకులో చుట్టిన చోడిపిండి, అంటే రాగిపిండి, రొట్టెలు తెచ్చారు. గేటు లోపల గడ్డిలో కూర్చుని పిల్లలు తింటున్నారు. తల్లులు లేచే వేళకి ఒక పిల్ల షెడ్డు వైపు పరిగెత్తింది. తాళం పట్టుకుని లాగింది. వెనక్కొచ్చి రెండు చేతులూ గౌనుకి తుడుచుకుంటూ తల్లి ముందు నిలబడి ఏడ్చేసింది.

తల్లి బయటికొచ్చాక పలకరించాను. ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏటి, కాపలా కాత్తన్నావా?" అంది.

బిడ్డ ఎందుకేడ్చిందని అడిగాను. జీపు వచ్చేదాకా వేరే పని లేదు కాబట్టి చెప్పింది. ఆ కొండల్లో చూడవచ్చిన మనిషిని ఒట్టి చేతుల్తో పంపరు. దోసెడు చోళ్ళో, నాలుగు పనస గింజలో, ఏదో ఒకటి చేతిలో పెట్టాల్సిందే. పెట్టకపోతే మళ్ళీ రావద్దన్నట్టు. హాస్టల్లో ఉండే పిల్ల దగ్గర ఏముంటుంది? అందుకని కడిగి, మూత బిగించిన సీసా ఒకటి తల్లి చేతికిస్తుంది. తల్లి దాంట్లో బూడిద కలిపిన చిక్కుడు విత్తనాలు పోసుకుంటుంది. పురుగు పట్టదు. లేదా పొలానికి అంబలి పట్టుకెళుతుంది.

సారా మాటేమిటన్నాను. ఆమె తడబడలేదు.

"కొందరు పోత్తారు. సీసా ఇచ్చీది గుంటపిల్ల. దాన్లో ఏటి పోసుకున్నా తల్లి ఇట్టం. దానికి టీచరమ్మ ఏటి సేత్తాది?"

కథ బాగుంది. బాగున్న కథలంటే నాకు మరీ అనుమానం. అదే జీపెక్కి ఆమెతో ఆ ఊరు వెళ్ళాను. ఇంట్లో పొయ్యి పైన దూలానికి తాడు కట్టి ఉంది. తాడుకి సీసాలు వరసగా వేలాడుతున్నాయి. నల్ల చిక్కుళ్ళు, ఎర్ర చిక్కుళ్ళు, గుమ్మడి గింజలు, చోళ్ళు. ఒక్కొక్కటే పట్టుకుని అడుగు చూశాను. అన్నిటికీ ఎర్ర చుక్క ఉంది. నేను తిరగేసిన ప్రతిసారీ విత్తనాలు గలగలమన్నాయి. ఆమె గుమ్మంలో నిలబడి, పగలగొట్టేస్తాడేమోనన్నట్టు నన్నే చూస్తోంది.

మర్నాడు సైన్సు టీచర్ని కలిశాను. ఆమె కోప్పడలేదు. అలసిపోయినట్టు మాట్లాడింది. మొదట్లో పిల్లలు చెత్త ఏరడానికి సిగ్గుపడ్డారట, నెల తిరక్కుండానే మానేశారట. ఒక పిల్ల మాత్రం మంచి సీసా ఒకటి అమ్మకిచ్చుకుంటానని అడిగింది. సరేనంది. మర్నాటి నుంచి అందరూ ఏరారు. అప్పటినుంచి సంచెడు కవర్లు ఏరిన పిల్లకి ఒక సీసా.

"అందుకే పేపరు వద్దన్నాను సార్. పేపర్లో పడితే పైనుంచి ఎవరో వస్తారు. సీసాలన్నీ నలిపి పంపమంటారు. అప్పుడు కవర్లు ఎవరు ఏరతారు?"

షెడ్డు మూసిన ఈ వారం రోజుల్లో ఎవరైనా ఏరారా అని అడిగాను. కిటికీలోంచి కాలవ వైపు చూపించింది. గట్టు నిండా చిప్సు కవర్లు.

హెడ్మిస్ట్రెస్ దగ్గరికి వెళ్ళి నేను పొరపడ్డానని చెప్పాను. వార్త రాయడం లేదన్నాను, షెడ్డు తాళం తీయించమన్నాను, ఆ ఫైలు పంపమన్నాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి నన్ను అనుమానంగా చూసింది. అలాంటి చూపుతో నేను ఎందరినో చూశాను. నన్ను ఎవరూ చూడలేదు.

"ఆవేళ తప్పన్నారు. ఈవేళ ఒప్పంటున్నారు. మధ్యలో ఏం జరిగిందండీ?" అంది. "నేను పంపేశాక మళ్ళీ రాస్తే?"

రాయనన్నాను. నోటిమాట చాలదంది. ఇన్నేళ్ళూ అధికారుల చేత మాటలు చెప్పించుకుని రాసుకున్నవాణ్ణి, ఆ పూట ఆమె బల్ల మీద తెల్లకాగితం తీసుకుని నా మాట నేనే రాసి ఇచ్చాను. సీసాలు పిల్లలు తల్లులకిస్తున్నారని, ఆ ఇల్లు నా కళ్ళతో చూశానని, అమ్మకం ఏదీ నా దృష్టికి రాలేదని. సారా సీసా సంగతి కూడా రాయమంది. రాశాను, సంతలో చూశానని, అది అక్కడికెలా చేరిందో నాకు తెలియదని. సంతకం పెట్టాక ఆమె రెండుసార్లు చదివింది. జిరాక్సు తీయించి ఫైల్లో పెట్టింది. నెలాఖరుకి ఒకరోజు ముందు ఫైలు పైకి వెళ్ళింది. టీచరుకి రెన్యూవల్ వచ్చింది.

షెడ్డు తెరిచారని తెలిసి సంత రోజున వెళ్ళాను. గేటు లోపల తల్లులు నన్ను చూసి మాటలు ఆపేశారు. ఒకామె చేతిలోని సీసాని గబుక్కున చీర చెంగులో దాచింది. ఆమె కూతురు నా వైపు వీపు తిప్పి అడ్డంగా నిలబడింది. టీచరు గబగబా గేటు దాకా వచ్చింది.

"ఏమీ అనుకోకండి సార్. మిగతా రోజుల్లో ఎప్పుడైనా రండి. సంత రోజు మాత్రం రాకండి," అంది.

ఆ సీసాల్లో కొన్ని ఇప్పటికీ ముసలామె బుట్టలోకి పోతున్నాయనే నా నమ్మకం. కాలవ గట్టు మాత్రం శుభ్రంగా ఉంటోంది. సంత రోజున నేనెక్కిన జీపు ఎవరినైనా ఎక్కించుకోవడానికి ఆ గేటు ముందు ఆగితే, అవతలి పక్క కాఫీ తోటల వైపు మొహం తిప్పుకుని కూర్చుంటాను.