వదిన ఖాళీ చేయని తొట్టి

నాలుగేళ్లపాటు ఒక బరువు మోశాను. గుండె మీద బండరాయి అనుకోకండి. అరచేతిలో పట్టే ఇత్తడి వాల్వు. అయినా బరువే. మీతో కాక ఎవరితో చెప్పుకోను? మీరు మా ఇంట్లో స్నానం చెయ్యరు కదా.

తమిళనాడులో ధర్మపురి పక్కన ఇండూరులో మాది మేడ లేని పాత మిద్దె. అన్న పెళ్లికని పైన సోలార్ హీటరు, దానికో వేడినీళ్ల తొట్టి పెట్టించారు. గోడలు కొట్టి ఇల్లంతా వేడినీళ్ల పైపులు వేసింది నేను. మేస్త్రీ పక్కన లేకుండా చేసిన మొదటి పని. హీటరు పాడైనా కొళాయిలు ఎండిపోకూడదని చన్నీళ్ల లైను నుంచి వేడినీళ్ల లైనుకు ఒక అడ్డ పైపు వేసి, దానికి వాల్వు పెట్టాను. తెలివైన ఏర్పాటు. పనయ్యాక ఆ వాల్వు మూసి ఉంటే ఇంకా తెలివిగా ఉండేది. అది మూయకపోవడంతో చన్నీళ్లు కలిసి, ప్రతి కొళాయిలోనూ గోరువెచ్చగానే వచ్చేవి.

మా ఇంట్లో కొత్త కోడలు అందరికన్నా ముందు స్నానం చేసి వంటింట్లోకి పోవాలి. అందుకని వేడంతా వదినే వాడేస్తోందని అవ్వ తేల్చేసింది. తనకూ గోరువెచ్చగానే వస్తున్నాయని వదిన చెప్పింది. ఎవరు నమ్ముతారు?

నెల తర్వాత వదిన బొమ్మిడికి, పుట్టింటికి వెళ్లింది. ఆ రోజే అనుమానమొచ్చి మిద్దె ఎక్కాను. వాల్వు తెరిచే ఉంది. చప్పుడు చేయకుండా మూసేశాను. మర్నాడు నీళ్లు పొగలు కక్కాయి.

"చూస్తిరా, ఆ పిల్ల పోయినాది, ఉడుకునీళ్లు వచ్చినాయి" అంది అవ్వ.

తప్పు దిద్దబోయి సాక్ష్యం తయారుచేశాను. వదిన తిరిగొచ్చాక కూడా వేడి తగ్గలేదు. దానికీ అవ్వ దగ్గర జవాబుంది: వాళ్లమ్మ బుద్ధి చెప్పి పంపిందట.

అవ్వ ఆ మాట అన్న సాయంత్రమే అందరి ముందూ వదిన నన్ను అడిగింది.

"తంబీ, పైపులు వేసినోడివి నువ్వే గదా. చెప్పు. నేనొక్కదాన్నే అంత తొట్టి ఖాళీ చేస్తానా?"

"ఏమో వదినా, మీ బొమ్మిడోళ్లు దేనికైనా తగినోళ్లే."

ఇల్లంతా నవ్వింది. కాస్త ఆలస్యంగా వదిన కూడా నవ్వింది. మర్నాటి నుంచి, మార్గళి నెల చలిలో సైతం, అర బకెట్ చన్నీళ్లతో సరిపెట్టుకుంది.

వాల్వు సంగతి మరపే. మరి ఆ జోకు? తెలిసే వేశాను. నా మొదటి పనికి మచ్చ రాకూడదనా? అందరూ నవ్వుతుంటే నిజం చెప్పి ఆ నవ్వును పాడుచేయడం ఇష్టం లేకనా? రెండూననుకుంటాను. రెండోదానికే ఎక్కువ సిగ్గు.

పోయిన వారం నాకు సంబంధం మాట్లాడటానికి పిల్ల తరఫువాళ్లు వచ్చారు. వదిన కాఫీ పళ్లెంతో నిలబడి ఉండగానే అవ్వ మొదలుపెట్టింది. "ఉడుకునీళ్లు మాత్రం చూసి వాడమని ముందే చెప్పి పంపండి. పెద్ద కోడలికి మేము చెప్పాల్సి వచ్చినాది."

"వదిన కాదు. నేనే వాల్వు మూసేది మరిచినాను. తర్వాత తెలిసి కూడా చెప్పలేదు" అన్నాను.

పిల్ల తల్లి మా నాన్న వైపు తిరిగి, "పైపుల పనిలో గట్టోడు అంటిరే" అంది. సంబంధం ఏమైందో ఇంకా తెలియదు. అవ్వ నాతో మాట్లాడటం లేదు.  వదిన ఆ రోజు కాఫీ నాకు తప్ప అందరికీ ఇచ్చింది.

మర్నాడు పొద్దున వదిన స్నానాలగదిలోకి వెళ్లి గంటసేపు బయటికి రాలేదు. లోపలినుంచి పాట వినిపించింది. నాలుగేళ్లలో మేమెవరం వినని గొంతు, అంత గొప్పదీ కాదు. నా వంతు వచ్చేసరికి తొట్టి నిజంగానే ఖాళీ. చన్నీళ్లే పోసుకున్నాను. ఇంత హాయిగా ఎప్పుడూ వణకలేదు.