కుక్కలు దెబ్బేసిన రోజు

మొన్న ఆదివారం పొద్దున సత్తెనపల్లిలో మా ఇంటి వరండాలో కూర్చుని పేపరు తిరగేస్తుంటే, మా మనవరాలు ఎవరి దగ్గరో కొన్న పాత సైకిలు చక్రం ఒకటి తెచ్చి, నా ముందు ఇరుసు పట్టుకుని నిలబెట్టి గిర్రున తిప్పింది. అలా తిరిగే వెనక చక్రం చేసే చప్పుడు మీలో సైకిలు తొక్కినవాళ్ళందరికీ తెలుసు, ఎవరో పక్కన కూర్చుని తీరిగ్గా వేయించిన శనగలు నములుతున్నట్టు కిటకిటమంటూ ఉంటుంది. ఆ చక్రం మాత్రం కాస్త నమిలింది, ఆగింది, మళ్ళీ నమిలింది. అది ఆగిన చోట నా గుండె కూడా ఆగినంత పనైంది. పేపరు ఎప్పుడు జారిపోయిందో తెలియదు. బీపీ బిళ్ళ వేసుకోలేదా తాతయ్యా అంటూ అది నా మొహంలోకి వంగి చూసింది. వేసుకున్నాను, కాని నాకొచ్చింది బీపీ కాదు, పెళ్ళయిన కొత్తల్లో ఒక ముసురు రోజున పట్టుకున్న భయం. దానికింకా బిళ్ళ కనిపెట్టలేదు.

ఈ పిల్ల మా అమ్మాయి కూతురు. గుంటూరులో ఇంజనీరింగు చదువుతూ ఆదివారాలు నా దగ్గరికి వస్తుంది. ఈమధ్య దానికి సైక్లోక్రాస్ అనే పిచ్చి పట్టింది. అంటే ఏమిటయ్యా అంటే, సైకిలేసుకుని బురదలో పడి పోవడం, తొక్కలేనంత బురద వస్తే దిగి సైకిల్ని భుజాన వేసుకుని పరుగెత్తడం, మళ్ళీ ఎక్కడం. దీనికి పోటీలట, మెడలో పతకాలట. అమ్మా, ఈ లెక్కన మన నల్లరేగడిలో పుట్టిన మగాడికల్లా ఇంట్లో బీరువా నిండా పతకాలు ఉండాలే అన్నాను. అది నవ్వలేదు. పిల్లలకి ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకున్న డబ్బులతో సైకిలు కడుతోంది మరి, నవ్వే తీరిక ఎక్కడుంది. ఫ్రేము దొరికింది. ఇక కాలు తొక్కిన బలాన్ని చక్రం దాకా మోసుకుపోయే సామాను ఎంచుకోవాలి. పెడళ్ళ దగ్గర పళ్ళచక్రం ఒకటి చాలా, రెండు కావాలా, వెనక మెట్లుమెట్లుగా పేర్చిన చక్రాల్లో పెద్దది ఎంతుండాలి, గతుకుల్లో చైను ఎగరకుండా బిగువు స్ప్రింగు ఉన్న గేరు కొనాలా, మామూలుది సరిపోతుందా, ఇదీ దాని గొడవ. అన్నీ మంచివి కొనడానికి చాలవు కాబట్టి వెనక చక్రం దగ్గర తగ్గించుకుందామనుకుంటున్నానని చెప్పి, ఆ పాత చక్రాన్ని మళ్ళీ తిప్పబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఆధునిక సామాను సంగతి నాకేం తెలుసని మీరడగవచ్చు. ఏమీ తెలియదు. ఎనిమిదో తరగతిలో నేనూ లెక్కలూ మంచి మాటగానే విడిపోయాక, మా మేనమామ సైకిలు షాపులో చేరి పంక్చర్లు వేసుకుంటూ పెరిగినవాణ్ణి. ఆ షాపులో నేర్చుకున్న మాట ఒకటుంది, ఈ కథంతా ఆ మాట వల్లే జరిగింది. వెనక చక్రానికుండే ఫ్రీవీలు విప్పితే లోపల నాలుకల్లాంటి రెండు చిన్న ఇనుప ముక్కలుంటాయి. తొక్కినప్పుడు అవి పళ్ళని కరిచి పట్టుకుంటాయి, చక్రం కదులుతుంది. తొక్కడం ఆపితే వదిలేస్తాయి, ఆ వదిలేసే చప్పుడే మన శనగల చప్పుడు. కరుస్తాయి కాబట్టి మా షాపులో వాటిని కుక్కలు అనేవాళ్ళం. కుక్కలు మొద్దుబారాయనీ, కుక్కలకి కిరసనాయిలు తాగించమనీ అరుచుకుంటూ ఉంటే, రిపేరుకి వచ్చిన వాళ్ళు కాళ్ళు ముడుచుకుని బల్ల కింద చూసుకునేవాళ్ళు. మాకదో సరదా.

పెళ్ళయిన మరుసటి ఏడు మా ఇల్లాలు తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. తారు రోడ్డు దిగి అమరావతి వైపు చేలకడ్డంగా బండ్లు నడిచే మట్టి డొంకలో పోతే వచ్చే ఊరు వాళ్ళది. చుట్టూ పత్తి, మిరప, కిందంతా నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చే ఆ నేల, ముసురు పట్టిందంటే మనిషిని మోకాలు దాకా మింగి, చెప్పులు అట్టేపెట్టుకుని కాళ్ళు తిరిగిస్తుంది. ఆ ముసురులోనే, నేను చూడ్డానికి వెళ్ళిన రోజునే నొప్పులొచ్చాయి. ఆ ఇంట్లో అప్పటికే ఒక భయం కాపురం ఉంటోంది, ఎందుకంటే మా ఇల్లాలి అక్కగారు అంతకుముందు అదే గదిలో పురిటిలో పోయింది. అందుకని ఊళ్ళో మంత్రసానిని పిలవనివ్వకుండా మా అత్తగారు గడపకడ్డంగా నిలబడి, నర్సమ్మ కావాలి అంది. నర్సమ్మ ఉండేది తారు రోడ్డు మీది పక్కూళ్ళో. ఎడ్లబండి ఇరుసు దాకా దిగబడుతుంది, ట్రాక్టరున్న ఆసామి డొంకలోకి రానన్నాడు. గట్టు వెంబడి సైకిలొక్కటే పోతుంది. సైకిళ్ళ షాపులో పనిచేసే అల్లుడు కళ్ళెదుట ఉండగా ఇంకొకరిని పంపడం మర్యాద కాదు కదా, అందరూ నా వంక చూశారు.

సైకిలు మా మామగారిది. ఆ సైకిల్ని ఆయన ముచ్చటపడి బాగు చేయించుకున్నారు. చైను కొత్తది, పెడళ్ళు కొత్తవి, సీటుకి కుచ్చులు, ఒకటి చాలదన్నట్టు రెండు బెల్లులు. ఫ్రీవీలు మాత్రం పాతదే ఉంచేశారు, అది ఎవరికీ కనపడదు కాబట్టి. ఆ మాట నాకు ముందు తెలియదు. పోయేటప్పుడు అది బానే పోయింది. నర్సమ్మ పెద్ద మనిషి, వయసులోనూ, ఒంట్లోనూ. ఒళ్ళో సామాను పెట్టె పెట్టుకుని వెనక క్యారేజీ మీద కూర్చుంది. తారు రోడ్డు దిగి డొంకలో సగం దూరం వచ్చామో లేదో, బలంగా తొక్కిన నా కాలు గాల్లోకి పోయినట్టు కిందికి జారిపోయింది. పెడళ్ళు గిరగిర తిరుగుతున్నాయి, చైను తిరుగుతోంది, చక్రం మాత్రం నాకేం సంబంధమన్నట్టు నిలబడింది. బురద లోపలికి పోయి కుక్కలు రెండూ పళ్ళు కరవడం మానేశాయి.

మీకెప్పుడైనా కలలో ఎంత పరుగెత్తినా కాళ్ళు కదలని భయం వచ్చిందా. మెలకువలో, వానలో, వెనక నర్సమ్మని పెట్టుకుని నాకది వచ్చింది. కళ్ళ ముందు ఆ గది తలుపు ఒక్కటే కనపడుతోంది. దిగి చక్రాన్ని గుద్దాను, తన్నాను, బతిమాలాను. కిరసనాయిలు లేదు. అలాంటప్పుడు మగవాడికి అందుబాటులో ఉండే ద్రవం ఒకటుందని షాపులో చెప్పుకునేవాళ్ళు, నర్సమ్మ పక్కనే నిలబడి ఉండబట్టి ఆ దారీ మూసుకుపోయింది. కండువా చింపి, పేలికలు పేని, ఫ్రీవీలు పళ్ళని చక్రం చువ్వలకి బిగించి కట్టాను. అలా కడితే కుక్కలతో పని లేకుండా చక్రం తిరుగుతుంది. కాసేపు తిరిగింది కూడా. తర్వాత పేలికలు పుటుక్కున తెగాయి, నేనూ నర్సమ్మా పెట్టే కలిసి గట్టు దిగువన మిరప చేలో పడ్డాం.

నర్సమ్మ లేచి, పెట్టె తెరిచి చూసుకుని, మూత వేసి, నీళ్ళు కారుతున్న మొహంతో నన్నడిగింది.

"నడిస్తే ఎంతసేపయ్యా?"

ఒక కాలు పీకి ఇంకో కాలు వేయడానికి ఆవిడ పడే అవస్థ చూస్తుంటే, చీకటి పడినా చేరేలా లేం.

అప్పుడు దూరంగా, రెండు చేల అవతల, గొర్రెల్ని మళ్ళేసుకుని మా అత్తగారి ఊరి వైపే పోతున్న పెద్దాయన ఒకాయన కనపడ్డాడు. ఆయనకి నా మొహం ఎరికే. గాలికి ఎదురుగా గొంతు చించుకుని అరిచాను.

"పెద్దాయనా, మా మామగారింటికెళ్ళి చెప్పు. కుక్కలు దెబ్బేశాయని చెప్పు. నర్సమ్మా నేనూ నడిచి వస్తన్నామని చెప్పు."

ఆయన చెవి ఒగ్గి విన్నాడు, తలూపాడు, గొర్రెల్ని అక్కడే వదిలేసి పరుగు అందుకున్నాడు. ఆ వయసులో అంత పరుగేమిటా అని అప్పుడు నాకు తట్టలేదు. షాపు మాట షాపులోనే చెల్లుతుందని ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది.

దెబ్బేశాయి అన్న మాటని ఆయన దారిలో ఎలా నమిలాడో గాని, ఇంటి ముందు చేరేసరికి అది అల్లుణ్ణీ నర్సమ్మనీ డొంకలో పిచ్చికుక్కలు పీకేశాయి అని తయారైంది. అవతల నేను పెట్టె నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో సైకిల్ని ఈడుస్తూ, ఇంకో చెయ్యి నర్సమ్మకిచ్చి, దేవుళ్ళందరికీ పేరుపేరునా మొక్కుతూ నడుస్తుంటే, డొంక మలుపులో కేకలు వినపడ్డాయి. తలెత్తి చూస్తే ఊరు ఊరంతా మీదికొస్తోంది. చేతుల్లో దుడ్డుకర్రలు, వెదురు గడలు, ఒకడి చేతిలో రోకలి. ముందు మా బావమరిది, వాడి గుప్పిట్లో కుక్కల కళ్ళల్లో కొట్టమని మా అత్తగారిచ్చిన కారం పొట్లం. నిజం చెప్తున్నాను, వాళ్ళని చూసి నాకింకా భయం వేసింది. కొంప మునిగింది కాబట్టి నన్ను కొట్టడానికే వస్తున్నారనుకున్నాను.

"కుక్కలేయి బావా?" అన్నాడు మా బావమరిది రొప్పుతూ, నన్ను కిందికీ పైకీ తడుముతూ.

"చక్రంలో ఉన్నాయిరా" అన్నాను.

వాడు చక్రం వంక చూశాడు, నా వంక చూశాడు, చేతిలో కారం పొట్లం వంక చూసుకున్నాడు. భయానికి బావకి మతి చలించిందని వాడు ఆ క్షణంలో ఖాయం చేసుకున్నట్టు తర్వాత ఒప్పుకున్నాడు. ఫ్రీవీలు గురించి నేను మొదలుపెట్టబోతే నర్సమ్మ అడ్డం వచ్చింది.

"ముందు నన్ను మోయండయ్యా, ఆయన్ని తర్వాత కొడుదురుగాని."

కుక్కల కోసం తెచ్చిన వెదురు గడలు రెండు, వానకి నెత్తిన కప్పుకొచ్చిన గోతాలు. గోతాల మూలలు చీల్చి గడలు దూర్చి, నర్సమ్మని దాని మీద కూర్చోబెట్టి, మనిషికో కొస భుజానికెత్తుకుని, అలిసినవాడు దిగితే ఇంకొకడు ఎక్కించుకుంటూ, ఆ బురదలో వాళ్ళు పరుగులాంటి నడక నడిచారు. సైకిలు చెడిపోయిందని నేను మామూలు మాటల్లో చెప్పి ఉంటే, పాపం నడిచొస్తారులే అని ఇంటి దగ్గరే ఎదురు చూసేవాళ్ళు. చూస్తుండగానే వాళ్ళు మలుపు దాటిపోయారు. నేను సైకిల్ని భుజాన వేసుకుని వెనకబడ్డాను. మామగారి సైకిల్ని చేలో వదిలేసి వెళ్ళే ధైర్యం ఏ అల్లుడికుంటుంది చెప్పండి.

ఆ ఒంటరి నడక గురించి జోకులు నాకు ఇన్నేళ్ళయినా రాలేదు. అవతల ఏం జరుగుతోందో తెలియదు. ఏడుపు వినపడుతుందేమోనని చెవులు మూసుకుంటాను, పసిపిల్ల ఏడుపైతే వినపడదేమోనని మళ్ళీ తెరుస్తాను. ఇల్లు కనపడింది. వాకిట్లో ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు, ఒక్కరూ నా వంక చూడటం లేదు. భుజాన సైకిలు అలాగే ఉంది, దించాలని కూడా తోచలేదు. లోపల నర్సమ్మ ఎవరినో గదమాయిస్తోంది, వీపు మీద చరుస్తున్న చప్పుడు. అప్పుడు పిల్లి కూన అరిచినట్టు సన్నగా ఒక ఏడుపు. మా అత్తగారు గడపలో కూలబడి నోట్లో కొంగు కుక్కుకుంది. నేను సైకిలుతో సహా కూర్చుండిపోయాను.

బొడ్డుతాడు మెడకి చుట్టుకుందట. నర్సమ్మ ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆ పుట్టిందే ఇప్పుడీ సైకిలు పిల్ల తల్లి. మా ఇల్లాలు చాలా రోజుల తర్వాత ఒక సంగతి చెప్పింది. గదిలో పడుకుని తన అక్క గుర్తొచ్చి చచ్చిపోతానని వణికిపోతుంటే, బయట నన్ను కుక్కలు పీకేశాయన్న మాట వినపడిందట. మీరు పోతే ఈ పిల్లని ఎవరు పెంచుతారండీ, నేనైనా బతకాలి కదా అనుకున్నాను అంది. తను అలా అన్నప్పుడు నేను నవ్వాను. తను కన్నుమూశాక ఆ నవ్వు రావడం లేదు.

ఇదంతా విని మా మనవరాలు చక్రాన్ని పక్కకి జరిపింది. మా కుక్కల్ని ఇప్పుడు పాల్స్ అంటారట. ఆ చక్రాన్ని ఇచ్చినవాళ్ళకే తిరిగిచ్చేసి, వెనక చక్రం నడుమ ఉండే హబ్బు కొత్తది, బురద చొరబడకుండా మూత ఉన్నది వేయించింది. దానికి డబ్బు పోగా, పెడళ్ళ దగ్గర ఒక్క పళ్ళచక్రంతో సరిపెట్టుకుంది, చైను చవకది, గేరు మామూలుది. పోటీలో వెనకబడతానేమో అంది. వెనకబడు తల్లీ, ఇంటికి రా చాలు అన్నాను.

ఆ డొంక ఇప్పుడు సిమెంటు రోడ్డు. కాన్పు అంటే ఫోను చేస్తే వాకిట్లోకి అంబులెన్సు వస్తుంది, దానికి నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను. మా పిల్ల మాత్రం రోడ్డు వదిలేసి, బురద కోసం వెతుక్కుంటూ చేల గట్ల మీదికి పోతుంది. పోయే ముందు నా ఫోనులో మ్యాపు మీద నీలం చుక్క ఒకటి పెట్టి వెళ్తుంది, ఆ చుక్కే తనట. చుక్క కదిలినంతసేపు నా ప్రాణం కుదురుగానే ఉంటుంది. ఎక్కడో ఒకచోట ఆగుతుంది. నీళ్ళు తాగుతోందేమో, ఫోటో తీసుకుంటోందేమో. అక్కడి చేలన్నీ కౌలుకిచ్చినవి, మోటార్లు ఇంట్లో కూర్చుని ఫోనులోనే వేస్తున్నారు, గొర్రెలు తోలుకునే మనిషి కూడా కనపడడు. అది ఏ గట్టు మీద ఆగిందో గజాలతో సహా నాకు తెలుస్తూనే ఉంటుంది. ఫోను పట్టుకుని గేటు దాకా వెళ్ళి నిలబడతాను. తప్పో ఒప్పో ఏదో ఒకటి అరిస్తే, విని కర్ర తీసుకుని పరుగెత్తేవాళ్ళు ఈ వీధిలో ఎవరున్నారా అని అటూ ఇటూ చూస్తుంటాను.