తాళం బొమ్మ

చిలకలపూడిలో మా ఇంటి వెనక షెడ్డులో నాన్న గాజులకు కరెంటుతో బంగారు పూత వేస్తాడు. ముందు గదిలో నేను వైఫై డ్రైవర్లు, అంటే ల్యాప్‌టాప్‌ని వైఫైకి కలిపే సాఫ్ట్‌వేర్లు, పరీక్షిస్తాను. తప్పు పాస్‌వర్డ్ కొడితే అడ్డుకుంటోందా, వెళ్ళే సమాచారాన్ని ఎవరూ చదవకుండా దాస్తోందా, అదీ నా పని. మా ఇద్దరికీ శత్రువు ఒక్కటే, కరెంటు కోత.

ఈసారి నాకొచ్చిన డ్రైవర్ దివిసీమ పల్లెల్లో తిరిగే నర్సుల ల్యాప్‌టాప్‌లలోకి వెళ్ళాలి. పరీక్షలన్నీ పాసయ్యాయి. రిపోర్టు మీద నా పేరు పెట్టబోతుంటే కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ మూత దించి కాఫీ తాగాను. కరెంటొచ్చాక మూత తీస్తే వైఫై తగులుకుంది, పక్కన భద్రమని చెప్పే తాళం బొమ్మ కూడా ఉంది. ఎందుకో అనుమానమొచ్చి, గాల్లో వెళ్తున్నదాన్ని రెండో ల్యాప్‌టాప్‌తో పట్టి చూశాను. నేను పరీక్షకని పంపిన రోగి పేరు, జబ్బు పొల్లు పోకుండా కనిపించాయి. తాళం బొమ్మ ఉంది, తాళం లేదు.

హైదరాబాదులో ఉండే మా టీమ్ లీడ్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"జనరేటరున్న మా ల్యాబులో ఈ తేడా ఎప్పుడూ రాలేదండీ. మీ ఊళ్ళో కరెంటు పోతే డ్రైవరేం చేస్తుంది? పాసని రాసేయండి. లేదంటే వచ్చే నెల మీ కాంట్రాక్టు సంగతి నేను చెప్పలేను."

ఒళ్ళు మండింది. ఆ ఉద్యోగం నాకు కావాలి, భయం కూడా వేసింది. లేచి షెడ్డులోకి వెళ్ళాను. నాన్న మిలమిలలాడుతున్న గాజుల్ని మళ్ళీ పూత తొట్టిలో వేస్తున్నాడు.

"బానే ఉన్నాయిగా నాన్నా?"

"చూట్టానికి బానే ఉంటాయే. కరెంటు పోయినప్పుడు తొట్టిలో ఉన్నయ్యి ఇవి. నాలుగు రోజులు చెమట తగిలితే రాగి బయటపడుద్ది. మనం రోల్డ్‌గోల్డుని రోల్డ్‌గోల్డనే చెప్పి అమ్ముతాం. పూత పట్టనిదాన్ని పట్టిందని మాత్రం అమ్మం."

తిరిగొచ్చి ఫెయిల్ అని రాశాను. కింద వివరంగా స్టెప్పులు పెట్టాను: మెయిన్ ఆపాలి, మూత దించాలి, కాఫీ తాగాలి, మెయిన్ వేయాలి, మూత తీయాలి. ఇంటిపేరుతో సహా నా పేరు పెట్టాను. పోతే పోనీ అనుకున్నాను.

పోయింది కూడా. మరుసటి నెల కాంట్రాక్టు రాలేదు. ఆ పై నెలలో ఒక పొద్దున అదే లీడ్ ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గింది.

"మేడమ్, మీరు రాసిన స్టెప్పుల్లో... కాఫీ ఎంతసేపు తాగాలండీ?"

"పది నిమిషాలండీ," అన్నాను. "ముందు మీ జనరేటర్ ఆపండి."