ఎదురిల్లు ఖాళీగానే ఉంది

మొన్న ఆదివారం ప్రార్థన ముగించుకుని కాఫీ కలుపుకుంటుంటే ఫోను మోగింది. మన తెలుగు సంఘంలో పెద్దావిడ. బెర్లిన్‌లో మేముండే ఈ పేట ఇప్పుడెంత బాగుపడిందో అని పొగిడి, కొడుక్కి ఇక్కడే ఇల్లు కావాలట, ఏదైనా ఖాళీ ఉంటే చెప్పమంది. బాగుపడిందట! కరోనాకు ముందు భోజనానికి పిలిస్తే, "అక్కడంతా నల్లవాళ్ళే కదండీ, పిల్లల్నేసుకుని ఎలా వస్తాం?" అని తప్పించుకున్న నోరే అది.

ఇక్కడి వీధులకు టోగో, కామెరూన్ అని పేర్లు. ఆ దేశాలను ఒకప్పుడు ఏలుకున్న జర్మను దొరలు డాబుకి పెట్టిన పేర్లవి. కాపురం పెట్టి పేటకు ప్రాణం పోసింది మాత్రం తర్వాత వచ్చిన ఆఫ్రికా వాళ్ళు. బడి మొహం చూడకుండా, ఇంట్లో నాన్న బైబిలు ముందు పెట్టి దిద్దించిన నాలుగు అక్షరాలతో వచ్చిన నాకు, పొద్దున్నే అరటికాయ ముక్కలు వేగే వాసనా, జడలల్లే కొట్టులో ఆడవాళ్ళ ఇకఇకలూ, అరుగు మీద గళ్ళాట ఆడుతూ పోట్లాడుకునే ముసలాళ్ళూ మా ఊరినే తెచ్చిపెట్టారు. ఎదురింటి ఘనా అక్కకు కింద కుట్టుకొట్టు. నన్ను "సిస్టర్" అని పిలిచి, నా జాకెట్లు చూసి, "ఇంత బిగువులో ఊపిరెలా ఆడుతుంది?" అని నవ్వేది.

కరోనాలో మావారు ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు. సమాధి దగ్గరికి ఏ కొద్దిమందినో తప్ప రానివ్వరు. నలుగురి మధ్య బతికిన మనిషి పాటైనా లేకుండా పోతాడేమోనని నా గుండె చెరువైపోయింది. మనవాళ్ళు ఫోనులో జోడించిన చేతుల బొమ్మ పంపి, "పరిస్థితులు బాలేవు కదండీ" అన్నారు. ఆ వారమే పార్కులో గుంపుగా పుట్టినరోజు కేకు కోసుకుని ఫొటోలు పెట్టుకోవడానికి మాత్రం పరిస్థితులు బాగానే ఉన్నాయి.

ఘనావాళ్ళలో ఒక ఆచారముంది. చావుకి అంతా ఒకే తాను గుడ్డతో ఎరుపూ నలుపూ బట్టలు కుట్టించుకుని వెళ్తారు. కొట్టు మూతపడి ఉన్నా, అక్క ఇంట్లోనే మిషను పెట్టి, అలాంటి గుడ్డతోనే మాస్కులు కుట్టి, వీధిలో తలుపు తలుపుకీ తగిలించింది. నా తలుపుకీ ఒకటి. చావుకి ఎరుపేమిటని ముందు ఉలిక్కిపడ్డాను, తర్వాత కట్టుకున్నాను. శ్మశానానికి వెళ్ళేసరికి గోడ వెంట, గేటు బయట, ఎడంఎడంగా నిలబడి మా పేటంతా ఆ ఒక్క గుడ్డ మాస్కుల్లోంచే పాడుతోంది. మాట తెలియదు, రాగం మాత్రం మా ప్రార్థన గుడిలోదే. ప్రభువుకు ఆ రోజు చెప్పిన కృతజ్ఞత నేటికీ చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడా కుట్టుకొట్టులో ఓట్స్ పాల కాఫీ అమ్ముతున్నారు. అద్దె పెంచితే పోయిన నెల అక్క ఊరి చివరికి వెళ్ళిపోయింది. కొత్తగా దిగినవాళ్ళకు గోడ మీద ఆఫ్రికా బొమ్మలు కావాలి, ఆదివారం పాట వినపడితే మాత్రం పోలీసులు కావాలి.

కొట్టు పైన అక్క ఉన్న ఎదురిల్లు ఇంకా ఖాళీగానే ఉంది. పొద్దున్నే తలుపు తీస్తే అరటికాయ వాసన కోసం ముక్కు తనంతట తానే అటు తిరుగుతుంది. పెద్దావిడకు మాత్రం, "ఇక్కడ మీకు సరిపడే ఇల్లు లేదండీ" అని చెప్పాను. అబద్ధమేమీ కాదు, దేవుడికి తెలుసు.